ఫామికామ్ కొనడం ఎలా? మన వేసవి సెలవుల వీడియో గేమ్‌కి అసలు మిషన్

1990ల్లో మన ఊళ్లలో ‘వీడియో గేమ్’ అంటే ఒకటే వస్తువు. టీవీ వెనక వైరు గుచ్చి, బొమ్మ కుదిరేదాకా చానల్ తిప్పి, మేరియో, కాంట్రా, ట్యాంకుల ఆట, సర్కస్ ఆడిన ఆ ప్లాస్టిక్ పెట్టె. కొందరి ఇంట్లో సొంతది ఉండేది, మిగతావాళ్లు గంట లెక్కన అద్దెకిచ్చే కొట్టుకి పరిగెత్తేవాళ్లు. రకరకాల పేర్లతో అమ్మిన ఆ పెట్టెల్లో చాలావరకు జపాన్ నింటెండో కంపెనీ 1983 జులై 15న విడుదల చేసిన ఫామికామ్‌కి నకళ్లు. అసలు మిషన్ ఇప్పటికీ దొరుకుతుంది, ఇప్పటికీ పనిచేస్తుంది. నలభై ఏళ్లు దాటిన ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఇంత గట్టిగా నిలబడ్డవి తక్కువ.

కాకపోతే జపాన్ కరెంటు వేరు, జపాన్ టీవీ పద్ధతి వేరు. ఆ రెండూ తెలియకుండా కొంటే మిషన్ అటకెక్కుతుంది, లేదా మొదటి రోజే కాలిపోతుంది. అందుకే మిషన్‌కంటే ముందు వైర్ల సంగతి తేల్చుకోండి. కొనడం ఆ తర్వాత.

ముందు ఏ మిషనో తేల్చుకోండి

ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కువగా కనిపించేది అమెరికా, యూరప్ దేశాల్లో అమ్మిన ఎన్‌ఈఎస్. బూడిదరంగు పెట్టె, ముందు మూత తెరిచి క్యాసెట్ లోపలికి నెట్టాలి. పేరున్న మిషనే, కానీ మన జ్ఞాపకాల కోసం అయితే అది కొనకండి. కారణాలు రెండు. ఒకటి, దాని క్యాసెట్‌కి 72 పిన్నులు, ఫామికామ్‌కీ మన ఊరి నకళ్లకీ 60. అంటే అటక మీద ఎక్కడో పడి ఉన్న మీ చిన్నప్పటి క్యాసెట్ ఫామికామ్‌లో దూరుతుంది, ఎన్‌ఈఎస్‌లో దూరదు. రెండోది ఇంకా ముఖ్యం. మనం ట్యాంకుల ఆట అని పిలిచిన బ్యాటిల్ సిటీ (నామ్‌కో, 1985), నిప్పు కణకణలాడే రింగుల్లోంచి సింహం మీద దూకే సర్కస్ చార్లీ, ఎర్ర కారు రోడ్ ఫైటర్, ఇవేవీ అమెరికా ఎన్‌ఈఎస్‌కి అసలు రానేలేదు. మన బాల్యం తెలియకుండానే జపాన్ బాల్యంతో నడిచింది.

ఫామికామ్‌లోనే మళ్లీ రకాలున్నాయి.

హెచ్‌వీసీ-001 అనే మోడల్ నంబరుతో వచ్చిందే మొదటిది. తెలుపు, ముదురు ఎరుపు రంగులు, పక్కల్లో రెండు రిమోట్లు ఒదిగి ఉంటాయి. రిమోట్ల వైర్లు మిషన్ వెనకనుంచి లోపలికి వెళ్లిపోతాయి, బయట ప్లగ్ ఉండదు. రెండో రిమోట్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు లేవు, వాటి బదులు చిన్న మైక్ ఉంది. బొమ్మ బయటికి వచ్చేది యాంటెన్నా వైరు దారిలోనే, అంటే ఆర్ఎఫ్ ఒక్కటే.

1993 చివర్లో వచ్చింది ఏవీ ఫామికామ్. చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. రిమోట్లు ఊడదీసుకోవచ్చు, మైక్ లేదు. పసుపు-తెలుపు పిన్నుల ఏవీ వైరుతో నేరుగా టీవీకి పెట్టుకోవచ్చు. సూపర్ ఫామికామ్, నింటెండో 64, గేమ్‌క్యూబ్‌ల ఏవీ వైరే దీనికీ సరిపోతుంది కాబట్టి వైరు దొరకడం కష్టం కాదు. ధర మాత్రం పాతదానికంటే ఎక్కువ.

షార్ప్ కంపెనీ 1986లో తెచ్చిన ట్విన్ ఫామికామ్ కూడా ఉంది. క్యాసెట్‌తోపాటు డిస్క్ డ్రైవ్ కూడా ఒకే పెట్టెలో. చూడ్డానికి అదిరిపోతుంది, బరువు, రిపేరు మాత్రం తలనొప్పి. మొదటి మిషన్‌గా వద్దు.

నా మాట అడిగితే, ఆడుకోవడమే ముఖ్యం అనుకునేవాళ్లు ఏవీ ఫామికామ్ తీసుకోండి. ఆ ఎరుపు-తెలుపు పెట్టె కళ్ల ముందుండాలి, మైక్‌లో అరవాలి అనిపించేవాళ్లు హెచ్‌వీసీ-001నే, ఇప్పటికే ఎవరో ఏవీ మాడిఫికేషన్ (ఏవీ వైరు పెట్టుకునేలా లోపల మార్పు, ‘మాడ్’ అంటారు) చేసి పెట్టినది చూసి తీసుకోండి. ఏవీ మాడ్ లేని పాత మిషన్ చవగ్గా వస్తుంది, కానీ ఆ తర్వాతి ఖర్చు, తిరుగుడు కలుపుకుంటే మిగిలేదేమీ ఉండదు. ఇక వీటితో ఏ కుస్తీ వద్దు, ఒక ఆదివారం సరదాగా ఆడితే చాలు అనుకుంటే 2016 నవంబరులో నింటెండోనే విడుదల చేసిన మినీ ఫామికామ్ ఉంది. 30 ఆటలు లోపలే ఉంటాయి, హెచ్‌డీఎంఐ వైరు, యూఎస్‌బీ కరెంటు. ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

టీవీ కుదురుతుందా?

ఆర్ఎఫ్ దారిని నమ్ముకోవద్దు. జపాన్‌లో ఫామికామ్ 1, 2 చానళ్ల మీద బొమ్మ పంపేది, అవి 91, 97 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మన టీవీల్లో ఆ నంబరు చానళ్లు అక్కడ ఉండవు. కేబుల్ చానళ్లన్నీ పట్టే ట్యూనర్ ఉంటే వెతికితే బొమ్మ తగలొచ్చు గానీ, బొమ్మకీ శబ్దానికీ మధ్య దూరం జపాన్ పద్ధతిలో 4.5 మెగాహెర్ట్జ్, మన పద్ధతిలో 5.5. అందుకే మేరియో గెంతుతుంటాడు, టీవీ మాత్రం బుస్సుమంటుంటుంది. ‘మిషన్ పాడైంది’ అనుకుని అమ్మేసుకున్నవాళ్లలో కొందరి సమస్య ఇదే.

ఏవీ దారిలో పెడితే ఇంకో చిక్కు, రంగు. ఫామికామ్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మన టీవీలు పాల్ పద్ధతి. అదృష్టం బాగుండి, 1990ల చివరనుంచి మన దగ్గర అమ్మిన చాలా డబ్బా టీవీలు ఏవీ దారిలో రెండూ తీసుకుంటాయి. టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అనే చోట ఆటో గానీ ఎన్‌టీఎస్‌సీ 3.58 గానీ ఉందేమో చూడండి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తే మిషన్ తప్పు కాదు, టీవీకి ఆ రంగు పద్ధతి తెలియదు, అంతే.

డబ్బా టీవీ దొరికితే వదలకండి. పాత సామాన్ల బండివాడు తీసుకెళ్లే ధరకే వస్తుంది. ఫామికామ్ బొమ్మ ఆ పిక్చర్ ట్యూబ్ కోసమే గీసింది. తుపాకీ పెట్టి కాల్చే బాతుల ఆట ఎల్‌ఈడీ టీవీ మీద పనే చేయదు, ఎందుకంటే తుపాకీ చూసేది పిక్చర్ ట్యూబ్ గీత గీసే క్షణాన్ని. కానీ ఒక మాట. టీవీ వెనక మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ట్యూబ్‌లో కరెంటు నిలవ ఉంటుంది.

ఇంట్లో ఉన్నది ఫ్లాట్ టీవీ ఒక్కటే అయితే, ముందు దానికి ఏవీ ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. ఈమధ్య టీవీల్లో హెడ్‌ఫోన్ లాంటి ఒక్క రంధ్రమే ఉంటుంది, దానికి వేరే పొడిగింపు వైరు కావాలి. అదీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బీ కావాలి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు దొరికేవి బొమ్మ చూపిస్తాయి, కానీ బటన్ నొక్కిన కాసేపటికి మేరియో గెంతుతాడు, గుంటలో పడ్డాక. రెట్రోటింక్ లాంటివి పాత మిషన్ల కోసమే చేసినవి, ఆలస్యం దాదాపు తెలియదు, ధర మాత్రం కొన్నిసార్లు మిషన్ ధరనే దాటుతుంది. డబ్బా టీవీ వెతుక్కోమని చెప్పేది అందుకే.

కరెంటు దగ్గర తొందర వద్దు

ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి.

ఫామికామ్‌తో వచ్చే అసలు అడాప్టర్ 100 వోల్టుల కరెంటు కోసం చేసింది. మన గోడలో వచ్చేది 230. పిన్ను మార్చే చిన్న ప్లగ్ పెట్టి గుచ్చితే వోల్టేజీ మారదు, అడాప్టర్ పొగ కక్కుతుంది. దాన్ని పెట్టెలోనే జ్ఞాపకంగా ఉంచుకోండి.

దాని బదులు ఏం పెట్టాలి? అసలు అడాప్టర్ మీద 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. మిషన్ లోపల 7805 అనే రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకి దించుతుంది, కాబట్టి 9 వోల్టులైనా హాయిగా నడుస్తుంది. కావలసింది 9 వోల్టులు, డీసీ, కనీసం 1 ఆంపియర్, సెంటర్ నెగటివ్ (అంటే పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్). ఈ చివరి మాటే అసలు గండం. మన ఇళ్లలో పడి ఉండే వైఫై రౌటర్ అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, పైగా సెంటర్ పాజిటివ్. పిన్ను సైజు సరిపోయింది కదా అని పెట్టకండి.

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి, చెన్నైలో రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ఇలాంటి అడాప్టర్ దొరుకుతుంది. లేకపోతే పిన్ను తిప్పి సోల్డర్ చేసి ఇస్తారు. కొట్లోనే మల్టీమీటర్ అడగండి. ఎర్ర ముల్లు పిన్ను లోపలి రంధ్రంలో, నల్ల ముల్లు బయటి లోహానికి తగిలించండి. అంకె ముందు మైనస్ గుర్తు కనిపిస్తే సరైనది. మైనస్ లేకుండా 9 కనిపిస్తే అది మనది కాదు. పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ రకం అయితే ఏ లోడూ లేనప్పుడు 12, 13 కూడా చూపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో ఉచ్చు కూడా చెప్పాలి. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది డీసీ కాదు, 9 వోల్టుల ఏసీ. ఆ మిషన్ లోపల దాన్ని మార్చుకునే ఏర్పాటు ఉంది, ఫామికామ్‌లో లేదు. రెండూ నింటెండోవే కదా అని అమ్మేవాడు కలిపి ఇస్తే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. సూపర్ ఫామికామ్ అడాప్టర్, ఫామికామ్ అడాప్టర్ మాత్రం ఒకటే. సెగా మెగా డ్రైవ్ మొదటి మోడల్ అడాప్టర్ కూడా దీనికి పనికొస్తుంది. అయితే అది ఏ దేశపు కరెంటు కోసం చేసిందో చూసుకోండి.

ఎక్కడ వెతకాలి

మన దగ్గరే మొదలుపెట్టేవాళ్లు ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి, జుమ్మెరాత్ బజార్‌కి వెళ్లొచ్చు. అసలు ఫామికామ్ అక్కడ తగిలితే లాటరీ తగిలినట్టే. దొరికేవి నకలు మిషన్లు, పసుపుపచ్చ క్యాసెట్లు. అవీ సేకరించదగ్గవే, తీసిపారేయకండి. వాటిలో ఒక విశేషం ఉంది. మన టీవీల కోసం పాల్ చిప్పుతో చేసిన నకళ్లు సెకనుకు 50 బొమ్మలు చూపిస్తాయి, అసలు ఫామికామ్ 60 చూపిస్తుంది. అంటే మనం చిన్నప్పుడు ఆడిన మేరియో అసలుకంటే ఆరో వంతు నెమ్మది. పాట కూడా సాగదీసినట్టే వినిపించేది. అసలు మిషన్ మొదటిసారి ఆన్ చేసినవాళ్లు ‘ఇదేంటి, ఇంత స్పీడు’ అనడం మామూలే. వేళ్లకి పాత లెక్క అలవాటై ఉంటుంది కాబట్టి మొదటి గుంటలోనే పడతారు కూడా.

ఢిల్లీ పాలికా బజార్‌లో, ఓఎల్‌ఎక్స్‌లో, పాత గేమ్‌లు సేకరించేవాళ్ల గ్రూపుల్లో అప్పుడప్పుడు అసలు మిషన్లు వస్తాయి. ధర జపాన్ ధరకి రెండింతలు ఉన్నా, చేతితో పట్టుకుని, ఆన్ చేసి చూసే వీలుంటే ఆ తేడా ఇవ్వడం తెలివితక్కువ కాదు.

అసలు గని మాత్రం జపానే. టోక్యోలో అకిహబరా, ఒసాకాలో దెన్‌దెన్ టౌన్ పేరున్న చోట్లు, పర్యాటకులు ఎక్కువ కాబట్టి ధరలూ ఎక్కువే. ఊరి చివర ఉండే హార్డ్ ఆఫ్ అనే పాత వస్తువుల దుకాణాలు మేలు. అక్కడ పరీక్షించని వస్తువుల్ని నీలం పెట్టెల్లో పడేసి చవగ్గా అమ్ముతారు. జపాన్‌లో మీకు బావమరిదో, స్నేహితుడో, కంపెనీ పని మీద వెళ్లే కొలీగో ఉంటే, సెలవు రోజున ఆ వైపు ఒక చుట్టు తిరిగి రమ్మనండి.

ఆన్‌లైన్‌లో అయితే యాహూ వేలంపాటలు, మెర్కారి. అవి విదేశాలకు నేరుగా పంపవు కాబట్టి బైయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తుల ద్వారా కొనాలి. ప్రకటనలు జపనీస్‌లో ఉంటాయి. అనువాద యాప్‌ను నమ్ముకున్నా, ఈ నాలుగు మాటలు చెవిన వేసుకోండి. ‘హోన్‌తాయ్’ అంటే మిషన్ మాత్రమే, మిగతావి లేవు. ‘దోసా కకునిన్ జుమి’ అంటే ఆన్ చేసి చూశాం, పనిచేస్తోంది అని. తినే దోసెకీ దీనికీ సంబంధం లేదు, కానీ ప్రకటనలో ఈ దోసా కనిపిస్తేనే ముందుకెళ్లండి. ‘మికకునిన్’ అంటే చూడలేదు. ‘జంక్’ అని రాస్తే పనిచేయకపోయినా వెనక్కి తీసుకోం అని అర్థం. జంక్ అన్నవాటిలో చక్కగా పనిచేసేవి చాలానే ఉంటాయి, కానీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం రానివాళ్లు మొదటి మిషన్‌గా జంక్ కొనకూడదు.

ఫొటోల్లో ముందు చూడాల్సింది రిమోట్ల వైర్లు, మిషన్‌లోంచి బయటికి వచ్చే మూల దగ్గర. అక్కడే విరుగుతాయి. ఆ తర్వాత రిమోట్ బటన్లు. గుండ్రంగా కాక చతురస్రంగా, మెత్తని రబ్బరుతో ఉంటే అది మొదట్లో తయారైన మిషన్. సేకరించేవాళ్లకు అది మోజు, ధర ఎక్కువ. ఆడుకోవడానికి మాత్రం ఆ బటన్లు ఇరుక్కుపోతాయి, అందుకే నింటెండోనే వాటిని మార్చేసింది. వెనక వైపు ఏవీ కోసం డ్రిల్లుతో అడ్డదిడ్డంగా రంధ్రాలు చేసి ఉంటే, లోపల సోల్డరింగ్ కూడా అలాగే ఉంటుందని ఊహించుకోండి.

తెలుపు రంగు పసుపెక్కడం గురించి మరీ బెంగ వద్దు. ఆ ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ పదార్థాలు ఎండకీ కాలానికీ రంగు మారతాయి. పనితీరుకి దానితో సంబంధం లేదు, పసుపెక్కిన మిషన్‌కి బేరం బాగా కుదురుతుంది.

ఇంటికి చేరే దారి

కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కట్టాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వీడియో గేమ్ మిషన్లు మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో 2012 నుంచీ ఉన్నాయి. పాత జపాన్ మిషన్‌కి ఆ నంబరు ఎక్కడనుంచి వస్తుంది? కాబట్టి పార్సిల్ ఆగిపోయే, వెనక్కి పోయే రిస్క్ నిజంగానే ఉంటుంది. అన్నిటికంటే ప్రశాంతమైన దారి, వచ్చేవాళ్ల సూట్‌కేసు. విమాన ప్రయాణికుల సామానుకి సుంకం లేని పరిమితి ఎంతో ఆ నెలకి కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి, బిల్లు దగ్గర ఉంచుకోమనండి. మిషన్‌ని బట్టల మధ్య పెట్టమనండి. రిమోట్ల వైర్లు మిషన్‌కి బిగించి చుట్టొద్దు, వదులుగా మడిచి పెట్టాలి. క్యాసెట్ లోపల పెట్టి పంపకూడదు, కుదుపుకి పిన్నులు వంగుతాయి.

చేతికి వచ్చాక

ఆత్రం ఆపుకుని, ఆన్ చేసే ముందు ఒకసారి మెల్లగా కదిపి చూడండి. లోపల ఏదైనా గలగలమంటే అడుగున ఉన్న మరలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే ఊడతాయి, విప్పి చూడండి. చిన్న జీవులు కాపురం పెట్టి ఉండొచ్చు.

ఇప్పుడు క్యాసెట్ పెట్టి, పవర్ స్విచ్ జరపండి. మిషన్ మీద ఏ లైటూ వెలగదు. కంగారు పడకండి, ఫామికామ్‌కి పవర్ లైటే లేదు. ఆన్ అయిందో లేదో టీవీయే చెప్పాలి. తెర మొత్తం ఒకే రంగుతో బొమ్మ లేకుండా ఉంటే మిషన్ బతికే ఉంది, క్యాసెట్ పిన్నులు సరిగ్గా తగలడం లేదు. అక్షరాలు, ఇటుకలు కలగాపులగంగా వస్తే కూడా ముందు అనుమానించాల్సింది క్యాసెట్ మురికినే. బొమ్మ బాగుండి శబ్దం రాకపోతే? ఇక్కడ ఫామికామ్‌కి ఒక వింత ఉంది. మిషన్ తన శబ్దాన్ని నేరుగా టీవీకి పంపదు, క్యాసెట్‌లోకి పంపి, అక్కడనుంచి వెనక్కి తీసుకుంటుంది. కొన్ని క్యాసెట్లలో అదనపు సంగీతం చిప్పు ఉంటే తన స్వరం కూడా కలపడానికి ఆ ఏర్పాటు. కొనామి కంపెనీ 1989లో చేసిన అకుమాజో దెన్సెత్సు అనే ఆట అలాంటి చిప్పుతోనే అంత నిండుగా మోగుతుంది. కాబట్టి ఆ రెండు పిన్నుల మీద మురికి ఉన్నా టీవీ మూగబోతుంది. మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు తుడవండి.

నిలువుగా సన్నని చారలు లేతగా కనిపిస్తే, అది హెచ్‌వీసీ-001కి పుట్టుకతో వచ్చిన జబ్బు. నాసిరకం ఏవీ మాడ్‌లో ఎక్కువగా, మంచి దాంట్లో తక్కువగా ఉంటుంది. పూర్తిగా పోదు.

తర్వాత రిమోట్లు. ఒక్కో బటన్ నొక్కుతూ, అదే సమయంలో వైరుని మిషన్ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. వంచినప్పుడు మేరియో ఆగిపోతే లోపల వైరు తెగింది. వైరు లోపలి చివర ప్లగ్‌లాగే ఉంటుంది కాబట్టి మిషన్ విప్పి మార్చుకోవడం పెద్ద పనేం కాదు. రెండో రిమోట్ మైక్ పరీక్షకి ఆటతో పనిలేదు. దాని మీద ఉన్న వాల్యూమ్ మీటని పైకి జరిపి, నోటి దగ్గర పెట్టుకుని ‘హలో’ అనండి. మీ గొంతు టీవీ స్పీకర్‌లోంచి గరగరమంటూ వినిపించాలి. ఇంట్లో పిల్లలుంటే ఇక ఆ రోజుకి ఆట సాగదు, ముందే చెబుతున్నాను.

ఊదొద్దు, తుడవండి

క్యాసెట్ తీసి ఫూ అని ఊదడం మనందరికీ వచ్చిన విద్య. నింటెండోనే వద్దని చెప్పింది. ఊపిరిలో తడి రాగి పిన్నుల మీద కూర్చుని మెల్లగా తుప్పు పట్టిస్తుంది. ఊదాక పనిచేసేది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు.

మందుల షాపులోనో, ఎలక్ట్రానిక్స్ కొట్లోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనండి, 99 శాతానిది. దూది పుల్లని అందులో ముంచి, పిన్నుల పొడవు వెంబడే రుద్దండి, అడ్డంగా వద్దు. మొదటి దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మార్చుతూ ఉండండి, పది నిమిషాలు ఆరనివ్వండి. మిషన్ లోపలి సాకెట్‌కి అదే ఆల్కహాల్ తడిపిన క్యాసెట్‌ని రెండు మూడు సార్లు పెట్టి తీస్తే చాలు, కరెంటు మాత్రం ఆపేసి ఉండాలి. స్టిక్కర్ మీద ఆల్కహాల్ పడనివ్వకండి, రంగు ఊడిపోతుంది.

పసుపు పోగొట్టడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. తెల్లబడుతుంది, నిజమే. మరకలు మరకలుగా తెల్లబడటం, కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కడం కూడా అంతే నిజం. నేనైతే వదిలేయమంటాను.

ఏవీ మాడ్ చేయించాలంటే, పాత టీవీలు బాగుచేసిన మెకానిక్ ఎవరైనా దొరికితే బతిమాలండి. పని చిన్నదే. బొమ్మ తయారుచేసే చిప్పు 21వ కాలు దగ్గర సిగ్నల్ తీసుకుని, ఒక ట్రాన్సిస్టర్, నాలుగు చిల్లర భాగాలతో పెంచి పసుపు పిన్నుకి పంపడం. సర్క్యూట్ బొమ్మ ప్రింట్ తీసి చేతికివ్వండి. పెట్టెకి కొత్త రంధ్రం చేయొద్దని, వైరు పాత ఆర్ఎఫ్ రంధ్రంలోంచే తీయమని గట్టిగా చెప్పండి.

క్యాసెట్లు

జపాన్‌లో వెయ్యికి పైగా ఆటలు వచ్చాయి. అన్నీ కొనే ఆలోచన ఉంటే ఇంట్లో వాళ్లతో మాట్లాడి మొదలుపెట్టండి. లేకపోతే మీకు తెలిసిన వాటితో మొదలుపెట్టడం మేలు. సూపర్ మేరియో బ్రదర్స్ లక్షల్లో అమ్ముడుపోయింది కాబట్టి ఇప్పటికీ చవక. బ్యాటిల్ సిటీ, ఎక్సైట్‌బైక్, ఐస్ క్లైంబర్ కూడా తేలిగ్గా దొరుకుతాయి. కాంట్రా మాత్రం కొంచెం ఖరీదు, కానీ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. 1988 జపాన్ క్యాసెట్‌లో కొనామి తన సొంత చిప్పు పెట్టడం వల్ల మొదటి స్టేజీలో చెట్లు గాలికి ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు కురుస్తుంది, స్టేజీల మధ్య కథ చెప్పే బొమ్మలొస్తాయి. అమెరికా క్యాసెట్‌లో ఇవేవీ లేవు.

జపనీస్ రాదే అని భయపడక్కర్లేదు. గెంతే, కాల్చే, పరిగెత్తే ఆటలకి భాష అక్కర్లేదు. డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ లాంటివి కథ చదవకుండా ఆడలేం, పైగా వాటిలో చాలావాటికి ఆట సేవ్ అయ్యేది లోపలి బ్యాటరీ దయ వల్ల. అప్పటి బ్యాటరీ ఇప్పటికి అయిపోయి ఉండొచ్చు. అలా అయితే సోల్డర్ చేసి ఉన్న ఆ నాణెం లాంటి బ్యాటరీని తీసి, సోల్డర్ చేయడానికి రేకు చెవులున్న కొత్తది వేయాలి. పాత సేవ్‌లు పోతాయి.

నకిలీ క్యాసెట్ గురించి ఒక సూచన. ఫామికామ్ క్యాసెట్లు కంపెనీని బట్టి రంగు, ఆకారం మారేవి కాబట్టి చూపుతో పోల్చుకోవడం కష్టం. పేరున్న ఖరీదైన ఆట కొత్తగా తళతళలాడుతూ, సగం ధరకి వస్తే అనుమానించండి. లోపలి బోర్డు ఫొటో అడగండి. క్యాసెట్‌కి మరలు ఉండవు, అంచుల దగ్గర కొక్కేలు వదులు చేసి తెరవాలి, తెలియనివాళ్లు విరగ్గొడతారు. కాబట్టి బోర్డు ఫొటో ఇవ్వని అమ్మకందారు దొంగ అయి తీరాలని లేదు. అలాంటప్పుడు ఖరీదైనది వదిలేసి చవకైనవి తీసుకోండి.

‘9999 ఇన్ 1’ క్యాసెట్ దొరికితే కొనేయండి. అందులో ఉండేది పదో ఇరవయ్యో ఆటలు, మిగతావి అవే కొత్త పేర్లతో. అయినా అది మన చరిత్ర, అసలు ఫామికామ్‌లో దాన్ని పెట్టి మెనూ చూడ్డం ఒక ఆనందం.

క్యాసెట్ బదులు డిస్కుల మీద ఆటలు ఆడించే డిస్క్ సిస్టమ్ జోలికి మాత్రం ఏడాది దాకా పోవద్దు. 1986లో వచ్చిన ఆ డ్రైవ్ లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగటగా అంటుకుపోవడం దాని సహజగుణం. బెల్టు మార్చాక హెడ్ సర్దడం ఓపిక పరీక్ష.

దాచుకోవడం

కోస్తా ఊళ్లలో ఉప్పు గాలి, ఉక్క ఎక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలతో క్యాసెట్లు దాచుకోండి, వర్షాకాలం మొదట్లో పొట్లాలు మార్చండి. అట్టపెట్టెలు ఉంటే నేల మీద, గోడకి ఆనించి పెట్టొద్దు, చెదలకి జపాన్ అట్ట, మన అట్ట తేడా లేదు. బీరువాలో బట్టలకి వేసినట్టు కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, స్టిక్కర్లని పాడుచేస్తుంది. కిటికీ ఎండ తగిలే షెల్ఫ్ మీద మిషన్‌ని ప్రదర్శనకి పెట్టొద్దు, తెల్లగా ఉన్న ఆ కాస్తా పోతుంది.

నెలకోసారైనా ఆన్ చేసి ఓ అరగంట ఆడండి. ఆట అయ్యాక స్విచ్ ఆపి, అడాప్టర్‌ని గోడ నుంచి కూడా పీకేయండి. వర్షం, ఉరుములు ఉన్న సాయంత్రాల్లో ఆడకపోవడమే మంచిది. 2007లోనే నింటెండో జపాన్‌లో దీని రిపేర్ సేవ ఆపేసింది, కాబట్టి లోపలి చిప్పు పోతే ఇంకో మిషన్‌లోంచి తీసి వేయాల్సిందే. చవగ్గా ఒక జంక్ ఫామికామ్ దొరికితే విడిభాగాలకని పక్కన పడేసుకోండి, ఇప్పుడైతే మీకు దాన్ని విప్పడం వచ్చు.